ఇరవై రెండో అంతస్తు ఫోటో

జూన్ 4

లాయరక్కకి,

నిన్న ఫోన్లో నువ్వు అరిచిన అరుపులకి నా ఎడమ చెవి ఇంకా గుయ్యిమంటోంది. "ఫోన్లో అయితే సిగ్నల్ లేదని పెట్టేస్తావు, దమ్ముంటే కాగితం మీదికి రా" అన్నావు. వచ్చాను. నాన్న రూలు ప్రకారమే వచ్చాను.

ఇంకే ఇంట్లోనైనా ఇలాంటి రూలుందా అక్కా? కోర్టు గుమాస్తాగా ముప్ఫయ్యేళ్లు పరాయివాళ్ల తగువులకి నకళ్లు రాసిన మనిషి, మనిద్దరం పెన్సిల్ ముక్క కోసం కొట్టుకున్నా చెరో రెండు కాగితాలు చేతిలో పెట్టేవాడు. మొదటి కాగితం మీద ఎదుటివాళ్ల వాదన. అది వాళ్లే రాసుకున్నంత బాగా ఉండాలి. రెండో కాగితం మీదే మన మాట. ఒప్పుకున్నవాళ్లు కింద సంతకం పెట్టాలి. నువ్వు పన్నెండేళ్లదానివి, నేను ఆరేళ్లవాణ్ణి. నీ వాదన రాయడం అయ్యేసరికి నా అన్నం చల్లారిపోయేది. నీకు లాయరక్క అన్న పేరు పెట్టింది అప్పుడే.

సరే, మొదటి కాగితం, నీ వాదన: డబ్బు చూసి మనసు పడటం మనిషి స్వభావం కాదు. అది లోకం చేసిన ఏర్పాటు. ఏర్పాటు మారితే చూపు మారుతుంది.

రెండో కాగితం, నా మాట: పాతికేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాను. ఇప్పుడు నేను చూసుకుంటున్న మేడకి ఇరవై రెండు అంతస్తులు. పైకి వెళ్లేకొద్దీ ధర. మామూలు చొక్కా వేసుకుని లిఫ్టెక్కి ఇరవై రెండు నొక్కితే, పక్కనున్నావిడ "ఇవాళ ఎండ మండిపోతోంది కదండీ" అంటుంది. మర్నాడు యూనిఫాంలో ఎక్కి అదే ఇరవై రెండు నొక్కితే, అదే ఆవిడ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటుంది. బటన్ ఒకటే, వేలు ఒకటే.

ఇంకో రుజువు. పరిచయాల యాప్‌లో మొదట యూనిఫాం ఫోటో పెట్టాను. నెలకి ఇద్దరు పలికారు. అందులో ఒకావిడ వాళ్ల బిల్డింగు లిఫ్టు ఎందుకు కుదుపుతోందో కనుక్కోవడానికి పలికింది. తర్వాత ఆ మేడ పైన, ఊరంతా వెనక కనబడేలా నిలబడి తీసుకున్న ఫోటో పెట్టాను. వారంలో ముప్ఫై మంది. ఇల్లు నాదని ఎక్కడా రాయలేదు, కాదని కూడా రాయలేదు. పక్షులు కూడా గూడు చూసే వస్తాయట, నేను చూసిన వీడియోలో చెప్పారు. స్వభావం అక్కా. నువ్వెంత అరిచినా పిల్లికి పాలు చేదవవు.

ఆ ముప్ఫై మందిలో ఒకావిడతో మూడుసార్లు టీ తాగాను. ఆ సంగతి తర్వాత.

తమ్ముడు

జూన్ 10

ఒరే స్క్రూగా,

మొదటి కాగితం, నీ తరఫున: ఆడది కలిగినవాడి వైపు మొగ్గుతుంది. పక్షుల్లో ఉన్నది, పశువుల్లో ఉన్నది, మనిషిలోనూ ఉంది. దాన్ని తిట్టడం వానని తిట్టడం లాంటిది. నీకన్నా నేనే బాగా రాశాను, సంతకం పెట్టుకో.

ఇక రెండో కాగితం. గట్టిగా పట్టుకుని చదువు.

నువ్వు రోజూ ఎక్కే ఆ లిఫ్టు పుట్టి పట్టుమని రెండొందల ఏళ్లు లేవు. అంతకుముందు పెద్ద పెద్ద ఊళ్లలో మేడల పై అంతస్తుల్లో ఎవరుండేవాళ్లు? పనిమనుషులు, కూలీలు, అద్దె కట్టలేని చదువుకునే పిల్లలు. డబ్బున్నవాళ్లు అన్ని మెట్లు ఎక్కలేక కింద కాళ్లు చాపుకుని ఉండేవాళ్లు. అప్పుడు "నేను పై అంతస్తులో ఉంటాను" అన్నవాడి వంక ఏ పిల్లా చూసేది కాదు. తర్వాత నీలాంటి మెకానిక్ ఒకడు వచ్చి ఇనప తాడు బిగించాడు. పైఅంతస్తు ఖరీదైపోయింది. ఆ తాడు బిగిసిన రోజున ఆడవాళ్ల రక్తం మారిందా? గుండెకాయ పక్కకి జరిగిందా? స్వభావం అక్కడే ఉందిరా, మారింది తాడు! పాతికేళ్లు ఆ తాడుకి గ్రీజు రాస్తున్నవాడివి, ఆ మాట నీకు నేను చెప్పాలా?

పక్షుల గురించి మాట్లాడే మగవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆడపిట్టని గూడు కట్టుకోవద్దని ఎవడైనా చట్టం చేశాడా? దానికి జీతం సగం ఇచ్చాడా? దాని పేరున పుల్ల ఉండకూడదన్నాడా? తరతరాలుగా బావి దగ్గరికి రానివ్వకుండా, ఇప్పుడు "అయ్యో, కుండ ఉన్నవాడి వంకే చూస్తోంది" అని ముక్కు చీదడం! ఆకలేసినవాడు అన్నం చూస్తాడు. దానికి స్వభావం అని పేరు పెట్టి, అన్నం మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు. పైగా ఆ వీడియోలో నెమలి పింఛం గురించి చెప్పేవాడి నెత్తిన నాలుగు వెంట్రుకలు ఉండవు.

ఆ మేడ పైన ఫోటో తీసుకున్నది నువ్వు. తీసేయ్. తప్పుడు తూకం పెట్టి, కొనేవాళ్లకి ఆశ ఎక్కువని తిట్టకూడదు.

ఎవరామె? ఏం చేస్తుంది? "తర్వాత" అంటే ఎప్పుడు? మీ బావ కూడా అడుగుతున్నాడు, కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా దాని కోసం వెతుకుతూ. కళ్లజోళ్ల షాపులో ఇరవై ఏళ్లుగా అద్దాలు బిగిస్తున్నదాని మొగుడు!

అక్క

జూన్ 17

లాయరక్కకి,

మొదటి కాగితం నువ్వే రాసేశావు కాబట్టి నేను తిరిగి రాయను. తాడు మాట మా సెక్షన్లో చదివి వినిపించాను. ఒకడు చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేదు.

ఎందుకంటే నువ్వే పెద్ద రుజువు. బావని చేసుకున్నప్పుడు నీకు పాతికేళ్లు. అదే వీధిలో బావకన్నా అందగాడు, బావకన్నా బాగా పాడేవాడు ఉండేవాడు, నీ వెంట సైకిల్ మీద తిరిగేవాడు. బావకి స్కూటర్ ఉంది. ఆకుపచ్చది. దానికి రెండు అద్దాలు. ఇంకేం చెప్పను?

నా సంగతికొస్తే, నీకు తెలుసు. నా భార్య ఆరేళ్లు కాపురం చేసి, రెండు బట్టల షాపులున్న మనిషి కోసం వెళ్లిపోయింది. నాకెన్ని షాపులు? లెక్క తేలిపోయింది కదా.

ఇప్పుడు ఈవిడ. సిటీ బస్సు నడుపుతుంది. పదకొండో నంబరు, మధ్యాహ్నం షిఫ్టు. వయసు నలభై రెండు. సొంతంగా రెండు గదుల ఇల్లు. జీతం నాకన్నా ఎక్కువ. అక్కడే వచ్చింది చిక్కు. నాకన్నా కలిగినావిడ నా వైపు ఎందుకు చూస్తోంది? ఒక్కటే కారణం: నేను ఇరవై రెండో అంతస్తులో ఉంటాననుకుంటోంది. మొన్న టీ దగ్గర "అంత పైనుంచి మా డిపో కనబడుతుందా?" అని అడిగింది. "కనబడుతుంది" అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే కనబడుతుంది. కానీ ఆవిడ నవ్విన నవ్వు చూసి వెంటనే మాట బస్సు టైర్ల మీదికి మార్చేశాను.

డబ్బు మాట పక్కన పెడితే, హాయిగా ఉంటుందక్కా ఆవిడతో. మొదటి రోజు నలభై నిమిషాలు బస్సు తలుపుల గురించే అడిగాను. గాలితో పనిచేస్తాయట. రోజంతా బ్రేకు తొక్కితే కుడి మోకాలు నొప్పా, నడుమా అని అడిగితే, చెప్పడానికి ఇంకో టీ తెప్పించింది.

నా గదికి తీసుకెళ్లే ధైర్యం మాత్రం లేదు.

తమ్ముడు

జూన్ 23

స్క్రూగా,

స్కూటర్ సంగతి మళ్లీ ఎత్తావంటే ఈ ఉత్తరాలు బంద్. నేను మీ బావని చేసుకున్నది ఆయన గుణం చూసి. పెళ్లయిన నెలకే, గదికి అడ్వాన్సు కట్టడానికి ఆ స్కూటర్ నాకు చెప్పకుండా అమ్మేసిన మనిషిరా ఆయన. మర్నాడు బస్‌స్టాపులో నిలబడి "నడిస్తే ఆరోగ్యం" అన్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ ఒక్క మాట మీద ఆయన తప్పులన్నీ కాస్తున్నాను.

వెళ్లిపోయిన మరదలి గురించి నువ్వు వేసుకున్న లెక్క తప్పు. ఎందుకు తప్పో నాకు తెలుసు. చెబితే నువ్వు బాధపడతావని ఊరుకున్నాను. అది అలా ఉంచు.

ఈ డ్రైవరమ్మ సంగతి తేలాలి. నీ అవస్థ ఎలా ఉందో తెలుసా? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది. తనకన్నా తక్కువ జీతగాడితో మూడుసార్లు టీ తాగింది, మోకాలి నొప్పి చెప్పుకుంది. కళ్లెదుట మనిషి నీ సిద్ధాంతాన్ని కాలదన్నుతుంటే నువ్వు సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి మనిషిని అనుమానిస్తున్నావు!

ఎదురుగా చెప్పలేవు, నాలుక తడబడుతుంది. కాబట్టి రాయి. నాన్న పద్ధతిలోనే రాయి. మొదటి కాగితం మీద నీ భయమంతా దాచకుండా పెట్టు, రెండో కాగితం మీద నీ మాట. తీసుకెళ్లి చేతికివ్వు. మంచి డ్రైవరుకి ముందు ఏం అడ్డమొస్తుందో చూపిస్తే చాలు, బండి ఎలా పోనివ్వాలో తనకే తెలుస్తుంది.

అక్క

జూన్ 30

అక్కా,

ఇవాళ సెలవు పెట్టి కూర్చున్నాను. ఒక్క ఊపున రెండు ఉత్తరాలు, నాలుగు కాగితాలు. ఒకటి ఆవిడకి, ఒకటి నీకు. మధ్యాహ్నం షిఫ్టు మారే లోపు డిపోకి వెళ్లి ఆవిడది చేతికిస్తాను. నీది దారిలో పోస్టులో వేస్తాను. నాలుగు కాగితాలూ బల్ల మీద కలగాపులగంగా పడున్నాయి. తెగిపోతున్న తాడు పట్టుకున్నప్పుడు కూడా ఇంత కంగారు పడలేదు.

ఈ మొదటి కాగితం నీ వాదన: స్కూటర్ చూసి కాదు, గుణం చూసి చేసుకున్నాను. అమ్మేశాడు కాబట్టి ఆ గుణం రుజువైంది. సరిగ్గా రాశానా? నా జవాబు రెండో కాగితం మీద ఉంది. కాస్త ఘాటుగా ఉంటుంది, ఏమీ అనుకోకు.

(రెండో కాగితం)

డ్రైవరు గారూ, ముందు కాగితంలో మిమ్మల్ని నిందించినట్టు రాసిందంతా నా మాట కాదు, నా భయం. మా ఇంట్లో భయాన్ని ముందు కాగితం మీద, మనసుని రెండో కాగితం మీద రాస్తారు. నా మనసు ఇది.

ఆ మేడ నాది కాదు. పైనున్న మోటారు గది తాళంచెవి మాత్రం నా దగ్గరుంది. నా గది బేకరీ వెనక, మొదటి అంతస్తు. లిఫ్టు లేదు. కిటికీ తెరిస్తే రొట్టెల వాసన, మూస్తే గ్రీజు వాసన. అక్కణ్ణుంచి మీ డిపో కనబడదు.

మీరు బ్రేకు మీద కాలు పెట్టే తీరు నేను చూశాను. ఎప్పుడని అడక్కండి, వెనక సీట్లో కూర్చుని చూశాను. నిలబడ్డ ముసలావిడ చేతిలో గ్లాసుంది. మూడు స్టాపుల్లో ఒక్క చుక్క తొణకలేదు. లిఫ్టుని అలా ఆపడం నాకు పదేళ్లకి గానీ రాలేదు. డబ్బున్న చోటికి అందరూ వెళ్తారనుకునేవాణ్ణి. మీ బస్సు ఎటు వెళ్తే అటు వెళ్దామనిపించింది, ఆ రోజు.

ఇల్లు చూసి వద్దనుకుంటే చెప్పండి. మోకాలికి మాత్రం వేడినీళ్ల కాపడం పెట్టుకోండి.

జూలై 4

ఒరేయ్ మహానుభావా,

నీ ఉత్తరం చదివి రెండో కాగితం దగ్గర నాకు మతిపోయింది. "మీ బస్సు ఎటు వెళ్తే అటు" అని నాకెందుకు రాశావురా? నాకున్నది కళ్లజోళ్ల షాపు! మీ బావకి చూపిస్తే రెండుసార్లు చదివి, "వీడు ఇలా రాయగలడా!" అని మూడోసారి చదివాడు.

అంటే నా రెండో కాగితం ఆవిడ దగ్గరుంది. నా మీద నువ్వు ఘాటుగా రాసిన స్కూటర్ కాగితం! ముందు కాగితంలో నిందలు, వెనక కాగితంలో స్కూటర్. ఆవిడ నీ గురించి ఏమనుకోవాలి?

నీకు రాసి, నువ్వు వెళ్లి, ఇదంతా అయ్యేలోపు పుణ్యకాలం దాటిపోతుందని నేనే ఆ కాగితాన్ని కవర్లో పెట్టి పంపించేశాను. పేరు నువ్వు చెప్పలేదు. "పదకొండో నంబరు బస్సు డ్రైవరు గారికి, సిటీ డిపో" అని రాశాను. "మావాడి రెండో కాగితం ఇదీ. మొదటిది మీ దగ్గరే ఉంది. స్కూటర్ కాగితం నాది, తిరిగి పంపగలరు" అని చీటీ కూడా పెట్టాను.

వెంటనే వెళ్లి కలువు.

అక్క

జూలై 5

అక్కా,

అయిపోయింది. ఉత్తరం ఇచ్చిన మూడో రోజు బస్సెక్కాను. అద్దంలోంచి నన్ను చూసింది. "మీ ఉత్తరం చదివాను. రెండు కాగితాలూ చదివాను. టికెట్ తీసుకోండి" అంది. అంతే. నా స్టాపు వచ్చాక తలుపు ఎంత గట్టిగా మూసిందంటే, గాలితో పనిచేసే తలుపులు కోపంతో కూడా పనిచేస్తాయని తెలిసింది.

రెండో కాగితంలో మేడ నాది కాదని రాశాను. చదివింది. మొహం తిప్పుకుంది. ఇక నువ్వేం వాదిస్తావు? తాళంచెవులు మాత్రమే ఉన్నవాణ్ణి ఎవరూ చూడరు. అప్పుడు రెండు షాపులు గెలిచాయి, ఇప్పుడు ఇరవై రెండో అంతస్తు గెలిచింది. నా వాదన కింద సంతకం పెట్టి పంపు. ఈసారి గెలిచినందుకు సంతోషంగా లేదు.

యాప్ తీసేశాను. ఫోటో కూడా.

తమ్ముడు

జూలై 9

స్క్రూగా,

సంతకం పెట్టను. నా నాలుగో తేదీ ఉత్తరం ఈపాటికి నీకు అందే ఉంటుంది. అందులో ఉంది నీ తెలివితక్కువతనం. నేను దాచింది ఇందులో ఉంది. నువ్వు మొదటి ఓటమిని తప్పుగా చదువుకున్నావు కాబట్టే రెండోదాన్నీ అలాగే చదువుతున్నావు.

మార్చిలో మరదలు మా షాపుకొచ్చింది, ఆ మనిషితో. ఆ రెండు షాపులూ మూతపడి రెండేళ్లయిందట. ఇప్పుడాయన వేరేవాళ్ల షాపులో గుడ్డ చించి కొలుస్తాడు. ఇద్దరూ నా బల్ల ముందు కూర్చుని గంటసేపు ఫ్రేములు పెట్టుకుని చూసుకున్నారు. ఆయన మొహానికి ఒక్కటీ నప్పలేదు. ప్రతిదానికీ ఈవిడ పడీ పడీ నవ్వింది. చివరికి అన్నిటికన్నా చవకది తీసుకున్నారు.

అద్దాలు బిగిస్తుంటే నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది: "వదినా, మీ తమ్ముడు చెడ్డవాడు కాదు. ఇంటికొచ్చి ఏదో ఒక మిషను విప్పుకుని కూర్చునేవాడు. ఆరేళ్లలో నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, స్క్రూడ్రైవర్ చూశావా అని."

నాలుగు నెలలు ఈ మాట గొంతులో పెట్టుకుని తిరిగాను. ఆవిడ డబ్బు కోసం వెళ్లలేదురా. వెళ్లిన చోట డబ్బు పోయినా అక్కడే ఉండిపోయింది, చూడు! "ఆడవాళ్ల స్వభావం" అనే మాట నీకెందుకు అంత తియ్యగా ఉందో ఇప్పుడు తెలిసిందా? అది ఒప్పుకుంటే నీ తప్పు ఏమీ ఉండదు. లోకంలో ఈ సిద్ధాంతం పట్టుకు వేలాడే మగవాళ్లంతా ఇంతే. మద్దెల ఓడంటారు గానీ చేతులు చూసుకోరు.

తిట్టాను. ఇక వినాల్సింది విను. అప్పుడు ఆరేళ్లలో ఒక్క ప్రశ్న అడిగినవాడివి, ఈ డ్రైవరమ్మని మొదటి రోజే నలభై నిమిషాలు ప్రశ్నలడిగావు. నువ్వు మారావురా. నీకే తెలీకుండా బాగుపడ్డావు. వెళ్లి ఆవిడని ఇంకో ప్రశ్న అడుగు.

అక్క

జూలై 16

అక్కా,

స్క్రూడ్రైవర్ మాట చదివి ఒక పూట పని చెయ్యలేదు. నిజమే. దాని కింద సంతకం పెట్టాను. ఆ కాగితం దీనితో పంపుతున్నాను. ఈసారి మూడుసార్లు చూసుకున్నాను, ఇది సరైన కాగితమే.

ఇప్పుడు డిపోలో ఏమైందో విను.

పదకొండో నంబరు బస్సుకి ఇద్దరు డ్రైవర్లు. పొద్దున షిఫ్టు మీసాలాయన, యాభై ఏడేళ్లు. నీ కవరు ఆయన చేతికి వెళ్లింది! నీ చీటీ తలాతోకా తెలియక పక్కన పెట్టాడట. "మీరు బ్రేకు మీద కాలు పెట్టే తీరు నేను చూశాను" అని చదివి, ముప్ఫయ్యేళ్ల సర్వీసులో మొదటిసారి ఒక ప్రయాణికుడు తన పనితనం గుర్తించాడని కళ్లు తుడుచుకున్నాడట. "మీ బస్సు ఎటు వెళ్తే అటు" దగ్గరకొచ్చేసరికి అనుమానం వచ్చి భార్యకి చూపించాడట. ఆవిడ నాలుగు రోజులు ఆయన్ని కొత్తగా చూసిందట, ఇస్త్రీ చేసిన చొక్కా ఇచ్చిందట. చివరికి మోకాలి మాట తట్టింది. తనకి మోకాళ్లు రాయిలా ఉన్నాయి. షిఫ్టు మారేటప్పుడు ఈవిడని అడిగాడు: "అమ్మా, నీకు గానీ మోకాలు నొప్పా?"

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. అవి పట్టుకుని నేను పరిగెత్తేసరికి ఇద్దరూ బస్సు మెట్ల మీద కూర్చుని నా కాగితం చదువుతున్నారు. ఆవిడ తలెత్తి మొదట అడిగింది ఇదీ: "ఆకుపచ్చ స్కూటరాయన ఎవరండీ? ఆయన మొహం చూసి కాదు, రెండు అద్దాలు చూసి పడిపోయానని నన్నంటారా? నాకు తెలిసిన స్కూటరువాళ్లు ఎవరూ లేరే!"

నీ పెళ్లి కథంతా చెప్పాల్సొచ్చింది. మీసాలాయన మధ్యలో "అద్దాలు రెండున్నాయంటే మంచి బండే" అన్నాడు.

తర్వాత ఆయన డ్యూటీ దిగి వెళ్లాక అడిగాను, మేడ నాది కాదని తెలిశాక ఏమనిపించింది అని. నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "ఫోటోలో మీ వెనక ఊరుంది, నిజమే. కానీ మీ నడుముకి తాళంచెవుల గుత్తి ఉంది, గోళ్లలో గ్రీజుంది. ఆ అంతస్తులో ఉండేవాళ్లు నిచ్చెన పట్టుకుని ఫోటో దిగుతారా? ముప్ఫై మందికి మేడ కనబడిందేమో. నాకు పనివాడు కనబడ్డాడు. డిపో కనబడుతుందా అని ఎందుకడిగాను? పని చేస్తూ మధ్యలో నా బస్సు వెళ్తుంటే చూస్తారా అని."

"మరి డబ్బు అస్సలు చూడలేదా?" అన్నాను. నీకోసం అడిగానక్కా, తగువు తేలాలి కదా.

"అబద్ధం ఎందుకు? చూశాను" అంది. "పని ఉందా, తాగి పోగొట్టే రకమా అని చూశాను. ఇరవై ఏళ్లప్పుడైతే ఇంకా చాలా చూసేదాన్ని. అప్పుడు నా చేతిలో ఏమీ లేదు. ఇప్పుడు నా స్టీరింగు నా చేతిలో ఉంది. ఇంటికి నాది నేను తెచ్చుకుంటాను. అందుకని మనిషిని చూసే తీరిక దొరికింది. మోకాలి గురించి అడిగినవాళ్లు ఇన్నేళ్లలో మీరొక్కరే. డాక్టరు కూడా ఫీజు తీసుకున్నాకే అడిగాడు."

నిన్న నా గదికి వచ్చింది. రొట్టెల వాసన బాగుందంది. కిటికీ మూయనివ్వలేదు.

తమ్ముడు

జూలై 22

స్క్రూగా,

డ్రైవరమ్మ మాట నా బల్ల పైన గోడకి అంటించాను. నేను పదేళ్లుగా పత్రికలకి రాసి రాసి చెప్పలేనిది బస్సు మెట్ల మీద కూర్చుని చెప్పేసింది. ఆడదాని చేతికి స్టీరింగు ఇవ్వండి, తర్వాత ఆవిడ స్వభావం ఏమిటో రాసుకోండి! అంతవరకూ పిట్టల కథలు ఆపండి.

ఇంతటితో ముగిస్తే గెలిచినదాన్నయ్యేదాన్ని. కానీ నాన్న రూలు ఉంది. ఎదుటివాళ్ల వాదనలో నిజం ఉంటే ఆ మేరకు సంతకం పెట్టాలి. ఇదిగో మొదటి కాగితం, నీ తరఫున, మనసారా.

షాపులో నేను ఫ్రేముల ధర చీటీలు లోపలి వైపుకి తిప్పి పెడతాను. మొహం చూసుకుని ఎంచుకోమంటాను. అయినా పదిమందిలో తొమ్మిదిమంది అద్దంలో చూసుకునే ముందు చీటీ తిప్పి చూస్తారు. ఖరీదు ఎక్కువని తెలిశాక ఆ ఫ్రేమే అందంగా కనబడిందన్నవాళ్లనీ చూశాను. అంటే డబ్బు కళ్లలోకి కూడా దూరుతుంది. అది నువ్వన్నట్టు పుట్టుకతో వచ్చేది కాదు గానీ, నేనన్నంత తేలిగ్గా పోయేదీ కాదు.

ఇంకోటి. స్కూటర్. పనిచేసింది. కొంచెం. ఆ రెండు అద్దాల్లో నా మొహం రెండుసార్లు కనబడేది. సైకిలువాడు బాగా పాడేవాడు, నిజమే. కానీ వర్షం వస్తే పాట తడవకుండా ఉంటుందా? పాతికేళ్ల పిల్లని, చేతిలో పైసా లేదు. చూశాను. సంతకం పెడుతున్నాను.

నిన్న సాయంత్రం ఇదంతా రాసి, ఇరవై ఆరేళ్ల తర్వాత ధైర్యం చేసి మీ బావకి చదివి వినిపించాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, గోడ వంక చూస్తూ "ఆ స్కూటర్ మా స్నేహితుడిదే" అన్నాడు. అమ్మేయలేదట! పెళ్లయ్యేదాకా అని అడిగి తెచ్చుకున్నాడట, వాడు వచ్చి పట్టుకుపోయాడట. అడ్వాన్సు కట్టింది చేతి గడియారం అమ్మి. అది చెబితే స్కూటర్ సంగతి బయటపడుతుందని రెండూ మింగేశాడు.

లేని స్కూటర్ చూసి మనసు పడ్డాను, అమ్మేయని స్కూటర్ చూసి ఇరవై ఆరేళ్లు క్షమించాను! ఇంటికొకడు మేడ మీద ఫోటో దిగుతూనే ఉంటాడు కాబోలు. ఆయన సగం తాగిన టీ పారబోసి కప్పు కడిగేశాను. తర్వాత ఆ గడియారం ఎలా ఉండేదని అడిగాను. నల్లటి పట్టీ అట. నాకు అదీ గుర్తొచ్చింది. పెళ్లికి ముందు ఆయన చేతికి ఉన్నప్పుడు చూశాను, పెళ్లయ్యాక లేదని ఒక్కసారి కూడా అడగలేదు. ప్రశ్నలు అడగనిది నువ్వొక్కడివే కాదురా.

ఆదివారం ఆవిణ్ణి తీసుకురా. రెండో కాగితం ఇంకా నువ్వు బాకీ. మనిద్దరిలో ఎవరిది నెగ్గిందో తేల్చి రాయి.

అక్క

జూలై 26

లాయరక్కకి,

మొదటి కాగితం నీ తరఫున: నీదే నెగ్గింది, స్కూటర్ మినహా. సంతకం పెట్టాను. పక్కన ఆవిడ కూడా పెట్టింది. సాక్షి అట.

రెండో కాగితం పోస్టులో వేయడం లేదు. ఈ కుటుంబానికి కవర్లు అచ్చిరావడం లేదని ఆవిడ అంటోంది. ఆదివారం పొద్దున మీ ఎదురుగా కూర్చుని తనే చదివి వినిపిస్తుందట. బస్సులోనే వస్తాం. నడిపేది మీసాలాయన, అందుకని ఆవిడ జీవితంలో మొదటిసారి నా పక్కన సీట్లో కూర్చుంటుంది.

బావ చేతి మణికట్టు కొలత కొంచెం చూసి ఉంచు. నల్ల పట్టీ దొరికింది.

తమ్ముడు